ఛార్జర్ మారిస్తే బ్యాటరీ పాడవుతుందా? వాట్ల కంటే వేడే ముఖ్యం

క్లుప్తంగా: బ్యాటరీలోకి ఎంత కరెంటు పోవాలో తేల్చేది గోడకు పెట్టే ఛార్జర్ కాదు, ఫోన్ లోపలి సర్క్యూట్. కాబట్టి ఎక్కువ వాట్ల ఛార్జర్ పెట్టినంత మాత్రాన బ్యాటరీ చెడిపోదు. ఛార్జర్ ఎంపిక బ్యాటరీ ఆయుష్షు మీద ప్రభావం చూపేది ప్రధానంగా వేడి ద్వారానే. ఆ వేడి ఎంతన్నది ఫోన్‌కూ ఛార్జర్‌కూ పొత్తు కుదిరిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇక నాసిరకం ఛార్జర్‌తో పెద్ద ముప్పు బ్యాటరీకి కాదు, ఫోన్ పట్టుకున్న మనిషికి.

ఏ ఛార్జర్ వాడాలన్నది ఒకప్పుడు ప్రశ్నే కాదు. డబ్బాలో ఏది వస్తే అదే. 2020 అక్టోబరులో ఐఫోన్ 12తో ఆపిల్, 2021 జనవరిలో గెలాక్సీ ఎస్21తో శాంసంగ్ డబ్బాలోంచి ఛార్జర్‌ను తీసేశాక ఎంపిక కొనేవాళ్ల నెత్తిన పడింది. ఆ తర్వాత పిన్ను కూడా ఒకటైపోయింది. యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లకు టైప్-సి తప్పనిసరి. ఐఫోన్ అంతకు ముందే, 2023లో వచ్చిన 15వ తరంతోనే దానికి మారింది. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2023 జనవరిలో టైప్-సి ఛార్జింగ్‌కు ప్రమాణం ప్రకటించింది.

పిన్ను ఒకటే కావడంతో సౌకర్యం పెరిగింది, అయోమయమూ పెరిగింది. ఇప్పుడు ఇంట్లో నలుగురుంటే 18, 33, 67, 80 వాట్ల ఛార్జర్లు ఒకే స్విచ్‌బోర్డు దగ్గర కనిపిస్తాయి. ఏ కేబులైనా ఏ ఫోన్‌కైనా పడుతుంది. పట్టినంత మాత్రాన పెట్టొచ్చా? "ఫాస్ట్ ఛార్జర్ పెడితే బ్యాటరీ పోతుంది" అని ఒకరు, "కంపెనీది తప్ప ఏదీ వాడకూడదు" అని ఇంకొకరు చెబుతుంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కానీ ఆ నిజం అనుకున్న చోట లేదు.

ఛార్జర్ ఇచ్చేది, ఫోన్ తీసుకునేది

గోడకు పెట్టే పెట్టెను అందరూ ఛార్జర్ అంటారు గానీ, నిజానికి అది అడాప్టర్. 230 వోల్టుల ఏసీ కరెంటును 5 లేదా 9 వోల్టుల డీసీగా మార్చి గుమ్మం దాకా తెచ్చివ్వడమే దాని పని. బ్యాటరీని నింపే అసలు సర్క్యూట్ ఫోన్ మదర్‌బోర్డు మీద ఉంటుంది. బ్యాటరీ వోల్టేజీ, ఉష్ణోగ్రత, ఇప్పటికి ఎంత నిండింది అన్నవి చూసుకుంటూ ఎంత కరెంటు లాగాలో అదే నిర్ణయిస్తుంది.

కేబుల్ గుచ్చగానే ముందు వచ్చేది 5 వోల్టులే. తర్వాత ఫోన్, ఛార్జర్ ఒకదానినొకటి పలకరించుకుంటాయి. నా దగ్గర 5, 9, 15, 20 వోల్టులున్నాయని ఛార్జర్ చెబితే, నాకు 9 చాలని ఫోన్ అడుగుతుంది. అడగకుండా ఛార్జర్ 5 వోల్టులు దాటదు. ఇంటికి ఎంత లోడు శాంక్షన్ అయినా ఫ్యాన్ తనకు కావలసినంత కరెంటే లాగుతుంది కదా, ఇదీ అంతే. ల్యాప్‌టాప్‌తో వచ్చిన 65 వాట్ల ఛార్జర్‌ను 18 వాట్ల ఫోన్‌కు పెట్టినా ఫోన్ తీసుకునేది 18 వాట్లే, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. అందువల్ల వాట్ల అంకె చూసి టెన్షన్ పడక్కర్లేదు. ప్రమాణాల ప్రకారం తయారైన ఛార్జర్‌కే ఈ మాట వర్తిస్తుంది. అలా తయారుకానివాటి కథ వేరు, అది కింద వస్తుంది.

రైలు ప్రయాణంలోనూ ఇదే అనుమానం వస్తుంటుంది. చాలా బోగీల్లో ఛార్జింగ్ పాయింట్‌కు వచ్చేది 110 వోల్టులే. ఛార్జర్ మీద 100-240 వోల్టులని రాసి ఉంటే అది ఆ పరిధిలో ఎక్కడైనా పనిచేస్తుంది. ఫోన్‌కు ఆ తేడా తెలియనే తెలియదు.

బ్యాటరీ లోపల ఏం అరుగుతుంది

లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చినప్పటి నుంచి ప్రాథమిక సూత్రం మారలేదు. ఛార్జ్ అయ్యేటప్పుడు లిథియం అయాన్లు ఒక ఎలక్ట్రోడ్ నుంచి బయల్దేరి, రెండోవైపున్న గ్రాఫైట్ పొరల్లో చేరతాయి. ఫోన్ వాడుతున్నప్పుడు తిరిగి వస్తాయి. ఈ రాకపోకల్లో కొంత లిథియం గ్రాఫైట్ మీద సన్నటి పొరగా ఏర్పడి అక్కడే చిక్కుకుపోతుంది. ఆ పొర లేకపోతే బ్యాటరీ అసలు పనిచేయదు, పెరుగుతూ పోతే సామర్థ్యం తరుగుతుంది. ఏ ఛార్జర్ వాడినా, ఆ మాటకొస్తే ఫోన్‌ను బీరువాలో పెట్టి తాళం వేసినా, ఈ అరుగుదల ఆగదు. దాని వేగం మాత్రమే మారుతుంది.

ఆ వేగాన్ని పెంచేవి ముఖ్యంగా రెండు: వేడి, ఎక్కువ వోల్టేజీ. ఛార్జ్ నిండేకొద్దీ బ్యాటరీ వోల్టేజీ పెరుగుతుంది. పాత ఫోన్లలో పూర్తి ఛార్జ్ అంటే 4.2 వోల్టులు, ఇప్పటి చాలా ఫోన్లలో 4.4 పైనే. నిండుగా ఉన్న బ్యాటరీ వేడిలో ఉంటే లోపలి రసాయన చర్యలు ఇంకా చురుగ్గా సాగుతాయి. ఏడాదిపాటు వాడకుండా ఉంచిన బ్యాటరీల గురించి తరచూ ఉదహరించే లెక్కలు చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జ్‌తో ఉంచినది దాదాపు 96 శాతం సామర్థ్యం నిలుపుకుంటే, నిండా ఛార్జ్ చేసి ఉంచినది 80 శాతానికి పడిపోతుంది. 40 డిగ్రీల దగ్గరైతే అవే 85, 65 శాతం. ఫోన్ బ్యాటరీలు అన్నీ అచ్చంగా ఇలాగే ప్రవర్తిస్తాయని కాదు, కానీ వేడి, నిండుతనం కలిస్తే ఏమవుతుందో ఇవి చూపిస్తాయి.

మూడో శత్రువు చలి. సున్నా డిగ్రీల కింద అయాన్లు గ్రాఫైట్‌లోకి చొరబడలేక దాని పైనే లోహంగా పేరుకుంటాయి. మన దగ్గర దీని గురించి ఆలోచించే పని లేదు. షికాగోలోనో టొరంటోలోనో జనవరిలో రాత్రంతా కార్లో ఉండిపోయిన ఫోన్‌ను వెంటనే ఛార్జింగ్‌కు పెట్టేవాళ్లకు ఉంది. చాలా ఫోన్లు అప్పుడు ఛార్జింగ్‌ను తగ్గిస్తాయి, లేదా పూర్తిగా ఆపేస్తాయి.

వేగం ఒకటే, వేడి వేరు

ఇక అసలు సంగతికి వద్దాం. ఫాస్ట్ ఛార్జింగ్ అంతా ఒకే పద్ధతి కాదు. వేడి ఎంత పుడుతుందో, అంతకంటే ముఖ్యంగా ఎక్కడ పుడుతుందో పద్ధతిని బట్టి మారుతుంది.

మొదట వచ్చిన పద్ధతి వోల్టేజీ పెంచడం. సన్నటి కేబుల్లో ఎక్కువ కరెంటు పోనివ్వలేం కాబట్టి 9 వోల్టులు, 2 ఆంపియర్లు పంపి 18 వాట్లు చేశారు. బ్యాటరీకి కావలసింది 4 వోల్టుల చిల్లర. మిగతాది దింపే పని ఫోన్ లోపలి కన్వర్టర్‌ది. అది 90 శాతం సమర్థతతో పనిచేసిందనుకున్నా 18 వాట్లలో దాదాపు 1.8 వాట్లు బ్యాటరీ పక్కనే వేడిగా మారిపోతాయి.

2014లో ఒప్పో తెచ్చిన వూక్ పద్ధతి దీన్ని తిరగేసింది. 5 వోల్టుల దగ్గరే ఉండి కరెంటును 4 ఆంపియర్లకు పెంచి, వోల్టేజీని సర్దే పనిని ఛార్జర్‌కే అప్పగించింది. ఆ వేడి గోడ దగ్గర పుడుతుంది, ఫోన్ దగ్గర కాదు. ఛార్జర్ చేయి పెట్టలేనంత వేడెక్కుతోంటే ఫోన్ మామూలుగా ఉండటానికి కారణం ఇదే. దీనికి మందపాటి ప్రత్యేక కేబుల్ కావాలి, ఛార్జర్‌కూ ఫోన్‌కూ మధ్య ఆ కంపెనీ సొంత భాషా కావాలి. వన్‌ప్లస్, రియల్‌మీ ఫోన్ల వేగవంతమైన ఛార్జింగ్ ఈ కుటుంబం నుంచి వచ్చిందే.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది ఛార్జ్ పంప్. వచ్చిన వోల్టేజీని సరిగ్గా సగం చేసి, కరెంటును రెట్టింపు చేసే చిప్ ఇది. నష్టం 2, 3 శాతమే. 33 వాట్లు వచ్చినా కన్వర్షన్‌లో పోయేది ఒక వాటు అటూ ఇటూ. పైన చెప్పిన 18 వాట్ల పాత పద్ధతి కంటే ఇది తక్కువ. ఎక్కువ వాట్లంటే ఎక్కువ వేడి అన్న నమ్మకం ఇక్కడ పూర్తిగా తేలిపోతుంది.

అయితే ఛార్జ్ పంప్‌కు ఒక మెలిక ఉంది. అది సగం చేయడం తప్ప ఇంకేమీ చేయలేదు. బ్యాటరీ 4 వోల్టుల దగ్గరుంటే బయటి నుంచి 8కి కాస్త పైన రావాలి, 4.2 దగ్గరుంటే 8.4కి కాస్త పైన. ఛార్జింగ్ జరుగుతున్నంతసేపూ ఛార్జర్ ఈ అంకెను కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోవాలి. ఆ పని చేసేదే యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే ఉమ్మడి ఛార్జింగ్ ప్రమాణంలో ఉన్న పీపీఎస్ అనే సదుపాయం. అందులో ఫోన్ 20 మిల్లీవోల్టుల మెట్లలో ఎంత కావాలో అడగగలదు. పీపీఎస్ లేని ఛార్జర్ దగ్గర 9 వోల్టులు అంటే 9 వోల్టులే. అప్పుడు ఫోన్ ఛార్జ్ పంప్‌ను పక్కన పెట్టి పాత కన్వర్టర్‌కు మళ్లుతుంది. వేగమూ తగ్గుతుంది, వాటుకు పుట్టే వేడీ పెరుగుతుంది. శాంసంగ్ ఫోన్లో కొన్ని ఛార్జర్లకు "సూపర్ ఫాస్ట్ ఛార్జింగ్" అని, మరికొన్నింటికి ఉత్త "ఫాస్ట్ ఛార్జింగ్" అని వచ్చే తేడా వెనక ఉన్నది ఎక్కువగా ఇదే.

మరి ఫాస్ట్ ఛార్జింగ్‌కు మూల్యమే లేదా? ఉంది. కన్వర్టర్ వేడి వేరు, బ్యాటరీ సొంత వేడి వేరు. కరెంటు రెట్టింపైతే బ్యాటరీ అంతర్నిరోధం వల్ల పుట్టే వేడి నాలుగింతలవుతుంది. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టే శక్తి సుమారు 19 వాట్-అవర్లు. అంటే 10 వాట్లతో నింపితే నింపాదిగా, 67 వాట్లతో నింపితే గంటలో నింపే వేగానికి మూడు రెట్లు మించిన వేగంతో నింపినట్టు. ఆ వేగాన్ని తట్టుకోవడానికి సెల్‌లో ఎలక్ట్రోడ్లను పలచగా చేస్తారు, కరెంటు దారులు పెంచుతారు. 65 వాట్లు దాటిన చాలా ఫోన్లలో బ్యాటరీని రెండు సెల్స్‌గా విడదీసి వరసలో కలుపుతారు. ఆ వేగం కూడా మొదటి కొన్ని నిమిషాలే. 80 శాతం దాటాక ఏ ఛార్జరైనా నెమ్మదించక తప్పదు, చివరి 20 శాతానికి పట్టే సమయంలో పెద్దగా తేడా ఉండదు.

అందుకే 67 వాట్ల కోసం తయారైన ఫోన్‌కు 67 వాట్ల సొంత ఛార్జర్ పెడితే కలిగే అదనపు నష్టం జనం భయపడేంత ఉండదు. మెల్లగా ఛార్జ్ చేస్తే బ్యాటరీకి హాయే, అందులో సందేహం లేదు. కానీ ఎండలో పెట్టి మెల్లగా ఛార్జ్ చేయడం కంటే చల్లటి గదిలో వేగంగా ఛార్జ్ చేయడమే మేలు.

పొత్తు కుదరకపోతే

ఒక కంపెనీ సొంత పద్ధతిలో పనిచేసే ఛార్జర్‌ను ఇంకో కంపెనీ ఫోన్‌కు పెడితే సాధారణంగా జరిగేది ఒక్కటే: రెండింటికీ తెలిసిన కనీస భాషకు దిగుతాయి. 80 వాట్ల ఛార్జర్ పరాయి ఫోన్‌కు 10 వాట్లు ఇచ్చి ఊరుకోవడం ఇలాంటిదే. బ్యాటరీకి దీనివల్ల హాని లేదు. విసుగు మాత్రం ఉంది, ఆ విసుగులోనే అసలు ఇబ్బంది మొదలవుతుంది. గంటలో అయిపోవాల్సిన ఛార్జింగ్ మూడు గంటలు సాగితే, ఆ మూడు గంటలూ ఫోన్‌ను ఎవరూ వదిలిపెట్టరు. ఛార్జింగ్‌లో ఉండగానే వీడియోలు, ఆటలు, కాల్స్. ప్రాసెసర్ వేడి, స్క్రీన్ వేడి బ్యాటరీ వేడికి తోడవుతాయి.

కేబుల్‌ను చాలామంది లెక్కలోకి తీసుకోరు. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్ల వరకే. 5 ఆంపియర్లు మోయాలంటే దాని కొనలో ఒక చిన్న చిప్ ఉండాలి. అది లేకపోతే 45 వాట్ల శాంసంగ్ ఛార్జర్ కొన్నా పూర్తి వేగం రాదు. పాత చదరపు పిన్ను ఒకవైపు, టైప్-సి ఇంకోవైపు ఉండే కేబుళ్లలో 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తప్పనిసరి. ఫోన్ ఎంత లాగొచ్చో చెప్పేది అదే. దాని బదులు తప్పు రెసిస్టర్ వేస్తే, 1 ఆంపియర్ ఛార్జర్ నుంచి 3 ఆంపియర్లు లాగడానికి ఫోన్ ప్రయత్నిస్తుంది. గూగుల్ ఇంజినీర్ బెన్సన్ లియుంగ్ 2015-16లో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న టైప్-సి కేబుళ్లను ఒక్కొక్కటిగా కొని పరీక్షించి ఇలాంటి లోపాలను బయటపెట్టారు. తీగలే తారుమారుగా కలిపిన ఒక కేబుల్ దెబ్బకు ఆయన ల్యాప్‌టాప్ పాడైంది. ఆ తర్వాతే కేబుల్ నాణ్యత మీద చర్చ గట్టిగా మొదలైంది.

వంద రూపాయల ఛార్జర్‌లో ఏం ఉండదు

అబిడ్స్ జగదీశ్ మార్కెట్లోనైనా బెజవాడ బీసెంట్ రోడ్డులోనైనా ఒకేలా కనిపించే రెండు ఛార్జర్ల ధరల్లో అయిదారింతల తేడా ఉండొచ్చు. ఆ తేడా పైనుంచి కనిపించదు. మంచి ఛార్జర్‌లో 230 వోల్టుల వైపుకీ 5 వోల్టుల వైపుకీ మధ్య ఖాళీ స్థలం, మూడు పొరల ఇన్సులేషన్ తీగతో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్, హెచ్చుతగ్గులను తట్టుకునే భాగాలు, ఫ్యూజు ఉంటాయి. ఖర్చు తగ్గించాలంటే మొదట కోత పడేది వీటి మీదే.

బ్యాటరీ మీద దీని ప్రభావం అనుకున్నంత ఉండదు. వచ్చే వోల్టేజీ కాస్త ఒడిదుడుకులుగా ఉన్నా ఫోన్ లోపలి సర్క్యూట్ చాలావరకు సర్దుకుంటుంది, హద్దు దాటితే దారి మూసేస్తుంది. ముందుగా దెబ్బతినేది ఛార్జింగ్ పోర్టు, ఛార్జింగ్‌ను నడిపే చిప్. అయితే రెండు గుర్తులు గమనించాలి. ఒకటి, ఛార్జింగ్‌లో ఉన్నంతసేపూ స్క్రీన్ పిచ్చిగా ప్రవర్తించడం: ఒక అక్షరం నొక్కితే ఇంకోటి పడటం, ముట్టుకోకుండానే యాప్‌లు తెరుచుకోవడం, కేబుల్ తీయగానే సర్దుకోవడం. ఛార్జర్ నుంచి వచ్చే విద్యుత్ రొద టచ్ సెన్సర్‌ను తికమక పెడుతోందని దానర్థం. రెండోది, ఫోన్ లోహపు అంచు మీద వేలు ఆనిస్తే జిల్లుమనడం. ఇది కొద్దిపాటిగా మంచి ఛార్జర్లలోనూ ఉంటుంది. షాక్ కొట్టినట్టు గట్టిగా తగిలితే మాత్రం ఆ ఛార్జర్ పారేయాల్సిందే. లోపలి అడ్డుగోడ దెబ్బతింటే 230 వోల్టులు నేరుగా ఫోన్ దాకా రావచ్చు.

మన దేశంలో అడాప్టర్లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఛార్జర్ మీద సన్నటి అక్షరాల్లో ఐఎస్ (భారతీయ ప్రమాణం) నంబరు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలుండే నంబరు కనిపిస్తాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు ఎవరో వస్తుంది. పెట్టె మీది కంపెనీకీ యాప్‌లో వచ్చిన వివరాలకూ పొంతన లేకపోతే అది డూప్లికేట్ అనుకోవచ్చు. అదే లేబుల్ మీద అవుట్‌పుట్ వరసలో పీపీఎస్ అనీ, దాని పక్కన 3.3 నుంచి 11 వోల్టుల వంటి పరిధీ రాసి ఉంటే, పైన చెప్పిన ఉమ్మడి ప్రమాణాన్ని పాటించే చాలా ఫోన్లకు అది సరిపోతుంది. వూక్ లాంటి సొంత పద్ధతి ఫోన్లకు మాత్రం పూర్తి వేగం కావాలంటే వాటి ఛార్జరే కావాలి.

మే నెల లెక్క

రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలుంటే ఛార్జర్ బ్రాండు గురించి చర్చ దండగ. తన ఫోన్లను 35 డిగ్రీలు దాటని వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. మన వేసవి మొదలయ్యేదే అక్కడ. బైకు హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, మ్యాప్ తెరిచి, పవర్ బ్యాంకుతో ఛార్జ్ చేస్తూ తిరిగే డెలివరీ కుర్రాళ్ల ఫోన్లకు ఎండ, స్క్రీన్, ప్రాసెసర్, ఛార్జింగ్ నాలుగు వైపుల నుంచి వేడి తగులుతుంది. ఆ బ్యాటరీ త్వరగా డౌన్ అయితే తప్పు పవర్ బ్యాంకుది కాకపోవచ్చు. వైర్‌లెస్ ఛార్జింగ్‌లోనూ ఇదే సమస్య: ఛార్జర్‌లోని తీగచుట్ట (కాయిల్), ఫోన్‌లోని కాయిల్ సరిగ్గా కుదరకపోతే వృథా అయ్యే శక్తి ఫోన్ వీపు మీదే వేడిగా తేలుతుంది. 2023లో వచ్చిన క్యూఐ2 ప్రమాణంలో అయస్కాంతాలు చేర్చింది కాయిల్స్ ఎదురెదురుగా కుదరడానికే.

రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేస్తే ఓవర్‌ఛార్జ్ అవుతుందన్న భయం పాతది. నిండగానే ఫోన్ ఆపేస్తుంది. ఇబ్బందల్లా నిండిన స్థితిలోనే, అదీ దిండు కింద, గంటల తరబడి ఉండటం. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగును కంపెనీలు తెచ్చింది అందుకే. ఐఫోన్లలో అది 15వ తరం నుంచి ఉంది. పొద్దున్నే బయటికెళ్లి రాత్రికి గానీ ప్లగ్ దొరకని వాళ్లకు 80 శాతం సరిపోదు, బ్యాటరీని కాపాడటం కోసం బ్యాటరీనే వాడకుండా కూర్చోవడం అర్థం లేనిది.

ఎన్నాళ్లు రావాలి

సున్నా నుంచి వందకు సమానమైన ఛార్జ్ వాడితే ఒక సైకిల్. ఇవాళ సగం, రేపు సగం వాడినా ఒకటే లెక్క. ఐఫోన్ 14 వరకూ 500 సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం మిగిలేలా డిజైన్ చేశామన్న ఆపిల్, 15 నుంచి ఆ అంకెను 1000 చేసింది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన ఎకోడిజైన్ నిబంధన ప్రకారం 800 సైకిళ్ల తర్వాత కనీసం 80 శాతం మిగలాలి. రోజుకో సైకిల్ అనుకుంటే అది రెండేళ్లు దాటుతుంది. కాబట్టి మూడేళ్ల ఫోన్ సాయంత్రానికే ఛార్జ్ అడుగుతోంటే నెల కింద మార్చిన ఛార్జర్‌ను నిందించడం సరికాదు. కొత్త ఫోన్ ఆరు నెలల్లోనే అలా చేస్తే మాత్రం సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ హెల్త్ చూపించాలి.

పేలిన ఫోన్ల వార్తల్లోనూ మొదటి వేలు ఛార్జర్ వైపే చూపిస్తుంది. 2016లో గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కాలిపోయినప్పుడు కూడా రకరకాల అనుమానాలు వచ్చాయి. 2017 జనవరిలో శాంసంగ్ ప్రకటించిన దర్యాప్తులో తేలింది మాత్రం బ్యాటరీ సెల్స్ తయారీలో, డిజైన్‌లో లోపాలున్నాయని. లోపమున్న సెల్‌కు ఎంత మంచి ఛార్జరైనా ఒకటే.

బ్యాటరీ ఉబ్బితే కారణం వెతకడం తర్వాతి సంగతి. వెనక మూత కాస్త లేచినా, స్క్రీన్ అంచు దగ్గర సందు కనిపించినా ఆ ఫోన్‌కు ఏ ఛార్జరూ పెట్టకూడదు. మూతను నొక్కి అతికించడం, సూదితో గాలి తీయడం లాంటివి చేస్తే అంటుకునే ప్రమాదం ఉంది. స్విచాఫ్ చేసి, మంట అంటుకునే వస్తువులకు దూరంగా పెట్టి, బ్యాటరీ మార్చేవాళ్ల దగ్గరకు తీసుకెళ్లాలి. తీసేసిన పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేచోటే ఇవ్వాలి.